కీరా సలాడ్ నీళ్లు కారకుండా, చివరిదాకా కరకరలాడాలంటే ఏం చేయాలి?

శ్రావ్య_కె
కీరా సలాడ్ కలిపిన పావుగంటకే గిన్నె అడుగున నీళ్లు చేరిపోతాయి. పై ముక్కలు చప్పగా ఉంటాయి, ఉప్పూ పులుపూ అంతా కిందికి దిగిపోతుంది. పద్ధతి ఇది: అరకిలో కీరా, పలుచని చక్రాలు, నిమ్మరసం, నూనె, ఉప్పు, మిరియాల పొడి అన్నీ ఒకేసారి వేసి కలపడం. ఉప్పు ముందే పట్టించాలని కొందరు, చివర్లోనే వేయాలని కొందరు చెబుతున్నారు. ఏది సరైనది? కొలతలతో, కారణంతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

ఉప్పుకల్లు
రెండూ సరైనవే శ్రావ్య గారూ. కాకపోతే అవి రెండు వేర్వేరు సలాడ్లు. మీరు రాసిన పద్ధతి రెంటికీ మధ్యలో ఉంది, ఇబ్బందంతా అక్కడే.

కీరాలో నూటికి 95 వంతులు నీరే. ఆ నీరు కణాల్లో బిగిసి ఉన్నంతసేపు ముక్క కరకరలాడుతుంది. ఉప్పు తగిలితే కణం బయట గాఢత పెరిగి లోపలి నీరు బయటికి వస్తుంది. చక్కెర కూడా ఇదే పని చేస్తుంది, కాస్త నెమ్మదిగా. అంటే ఉప్పు వేసిన నిమిషం నుంచే నీరు రావడం మొదలవుతుంది, దాన్ని ఆపలేం. ఆ నీరు ఎక్కడికి పోవాలన్నదే మనం నిర్ణయించుకోవాలి.

ఒక దారి: నీటిని ముందే తీసేయడం. 500 గ్రాముల కీరాని 3 మి.మీ. చక్రాలుగా కోసి, 1 టీస్పూన్ సన్న ఉప్పు (సుమారు 6 గ్రాములు) చేత్తో పట్టించి, చిల్లుల గిన్నెలో 30 నిమిషాలు ఉంచండి. కింద ఇంకో గిన్నె పెట్టండి, దిగిన నీరు చూస్తే మీకే నమ్మకం కుదురుతుంది. తర్వాత గుప్పెడు గుప్పెడు తీసుకుని మెల్లగా పిండి, పొడిగుడ్డ మీద ఒత్తండి. చక్రం విరగకుండా వంగితే అయినట్టే. ఇలా చేసిన ముక్క పచ్చిముక్కలా పెళుసుగా ఉండదు, గట్టిపడి పంటికింద సాగినట్టు కరకరమంటుంది. డ్రెస్సింగ్ (పైన కలిపే పులుపు, నూనెల మిశ్రమం) బాగా పట్టుకుంటుంది, రెండు మూడు గంటలైనా పలచబడదు.

రెండో దారి: నీటిని లోపలే ఉంచడం. ముక్కలు పెద్దగా, 1.5 సెం.మీ. దాకా కోసి, చల్లగా ఉంచి, ఉప్పూ పులుపూ వడ్డించే నిమిషంలోనే కలపాలి. పది నిమిషాల్లో తినేయాలి. ముక్క రసంతో నిండుగా, పెళుసుగా ఉంటుంది.

పలుచని చక్రాలకు ఉప్పు వేసి, నీరు తీయకుండా, అరగంట తర్వాత వడ్డిస్తే మాత్రం ఏం చేసినా నిలవదు. పలుచగా కోసేకొద్దీ తెగిన కణాలు ఎక్కువ, ఉప్పు తగిలే వైశాల్యం ఎక్కువ.

తోటమాలి_భాను
ఉప్పుకల్లు గారు చెప్పినదానికి ముందు కాయ సంగతి చూడాలి. ఏ కాయకి ఏ దారి అన్నది సగం కాయే చెబుతుంది.

పొడవుగా, సన్నగా, ప్లాస్టిక్ తొడుగుతో వచ్చే ఇంగ్లిష్ కీరాకి తొక్క పలుచన, గింజలు దాదాపు ఉండవు. పరాగసంపర్కం లేకుండానే కాయ కట్టే రకం కాబట్టి గింజ ముదరదు. దీనికి తొక్క తీయక్కర్లేదు. అరచేయంత పొడవుండే చిన్న పర్షియన్ కీరా ఇంకా గట్టిది, నీరు తక్కువ వదులుతుంది. పచ్చిగా, పెద్ద ముక్కలుగా తినే సలాడ్‌కి నా ఓటు దీనికే. ఆరుబయట పండే మామూలు లావు కీరాకి తొక్క మందం, గింజలచుట్టూ జిగురు ఎక్కువ. దీన్ని ఉప్పు పట్టించే దారిలో పెట్టండి.

కొనేటప్పుడు రెండు కొసలూ నొక్కి చూడండి. మెత్తబడటం ఎప్పుడూ కొసల నుంచే మొదలవుతుంది. మధ్యలో ఉబ్బి, పసుపు తిరిగిన కాయ ముదిరినట్టు. ఒకే సైజు కాయల్లో బరువుగా ఉన్నది తీసుకోండి. తొక్క మరీ నిగనిగలాడుతుంటే మైనం పూత ఉండొచ్చు. అలాంటప్పుడు తొక్క తీసేయడమే తేలిక.

శ్రావ్య_కె
చాలా స్పష్టంగా ఉంది, ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకో సందేహం. 500 గ్రాములకు టీస్పూన్ ఉప్పు అంటే సలాడ్ ఉప్పగా అయిపోదా? పిండే ముందు నీళ్లతో కడగాలా?

ఉప్పుకల్లు
కడగొద్దు. కడిగితే పైన ఉన్న ఉప్పు పోతుంది గానీ, ఇప్పుడే నీరు పోగొట్టుకున్న ముక్క మళ్లీ నీటిని పీల్చుకుంటుంది. అరగంట చేసిన పనంతా వృథా.

6 గ్రాములంటే కీరా బరువులో 1.2 శాతం. దిగిన నీటితో కొంత ఉప్పు పోతుంది. మిగిలింది సలాడ్‌కి సరిపోయే ఉప్పే. కాబట్టి డ్రెస్సింగ్‌లో ఉప్పు అసలు వేయకండి, సోయా సాస్ లాంటి ఉప్పు సరుకు ఉంటే ఇంకా జాగ్రత్త. కలిపి, రుచి చూసి, కావాలంటేనే చిటికెడు.

ఎక్కువమంది తప్పు చేసేది చెంచా దగ్గర. సన్న ఉప్పు టీస్పూన్ 6 గ్రాములు తూగితే, రేకుల్లాంటి గరుకు ఉప్పు అదే టీస్పూన్‌కి 3 గ్రాములే తూగొచ్చు. అందుకే ఒకే కొలతతో ఒకరికి ఉప్పగా, ఒకరికి చప్పగా వస్తుంది. చిన్న త్రాసు ఉంటే కీరా బరువులో 1.2 నుంచి 1.5 శాతం తూచి వేయండి. పొరపాటున ఎక్కువ పడితే మాత్రం చల్లటి నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, వెంటనే గట్టిగా పిండి ఆరబెట్టండి.

మాధురి_పి
ఉప్పు తగ్గించి తినాల్సినవాళ్ల కోసం ఇది. రెండో దారే వాళ్లది. దాన్ని ఇంకా మెరుగు చేసే ఉపాయం ఐస్ నీళ్లు.

కోసిన ముక్కల్ని ఉప్పులేని ఐస్ నీళ్లలో 10-15 నిమిషాలు ఉంచితే ఇప్పుడు చెప్పుకున్నదే తిరగబడి జరుగుతుంది. కణం లోపల గాఢత ఎక్కువ, బయట ఏమీ లేదు, కాబట్టి నీరు లోపలికి పోయి ముక్క బిగుస్తుంది. కాస్త వాడిన కీరా కూడా తేరుకుంటుంది. అరగంట దాటనివ్వకండి, కోసిన ముఖం నుంచి రుచి నీళ్లలోకి దిగిపోతుంది. తీశాక పొడిగుడ్డలో చుట్టి బాగా ఆరబెట్టాలి. తడి మీద నూనె నిలవదు, జారిపోతుంది.

ఉప్పు పట్టించడం, ఐస్ నీళ్లలో వేయడం, ఈ రెండూ ఒకే సలాడ్‌లో చేయకూడదు. ఒకటి తీసేది, ఇంకొకటి పెట్టేది.

ఉప్పు లేని లోటు పులుపుతో, నిమ్మతొక్క తురుముతో, మిరియాలతో, వేయించి దంచిన నువ్వులతో చాలావరకు తీరుతుంది. 500 గ్రాములకు 2 టేబుల్ స్పూన్ల నిమ్మరసం, అరచెంచా నిమ్మతొక్క తురుము (పసుపు పొర మాత్రమే, కింది తెల్ల పొర చేదు), 1 టేబుల్ స్పూన్ నువ్వులు.

రాజేష్_వంటశాల
గింజల మాట కూడా తేలాలి. నిలువుగా రెండుగా చీల్చి, టీస్పూన్ అంచుతో గింజల గాడి గీకేస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. నీరు ఎక్కువగా ఉండేదీ, త్వరగా జారేదీ ఆ జిగురే. లావు కాయ ఏదైనా నేను ఇలాగే చేయమంటాను.

పచ్చికూర
రాజేష్ గారూ, ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవించలేను. ఆ జిగురులోనే కీరాకి ఉండే సన్నటి పులుపు, తియ్యదనం ఉంటాయి. గీకేశాక మిగిలేది కరకర మాత్రమే. లేత కాయలో గింజ నాలుకకి తగలనే తగలదు, దాన్ని గీకడం రుచిని పారేయడమే. ముదిరిన కాయలో గింజ పైపెంకు గట్టిపడి నమిలితే తెలుస్తుంది, అప్పుడు తీయాల్సిందే.

రాజేష్_వంటశాల
లేత కాయ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. పెరుగు సలాడ్‌కి మాత్రం లేతదైనా తీస్తాను. గీకిన జిగురు పారేయక్కర్లేదు, జల్లెడలో వేసి చెంచాతో ఒత్తితే రసం దిగుతుంది. అందులో నిమ్మరసం, నూనె గిలక్కొడితే డ్రెస్సింగ్‌కి కీరా రుచి వస్తుంది. మీరన్న రుచి అలా దక్కుతుంది, ముక్కలూ పలచబడవు. కాకపోతే ఆ డ్రెస్సింగ్‌ని వడ్డించేటప్పుడే పోయాలి.

పచ్చికూర
ఇది బాగుంది. అలా చేసినప్పుడు నూనె కాస్త పెంచాలి, రసం వల్ల పులుపు పలచబడుతుంది కదా.

లీలావతి_ఎస్
కోయడం గురించే మాట్లాడుతున్నారు, పగలగొట్టడం ఎవరూ చెప్పలేదే! చైనా వంటలో ‘పాయ్ హ్వాంగ్ గ్వా’ అంటారు. చక్రాల కంటే ఇదే మేలని నా అభిప్రాయం. కారణం కోత ముఖంలో ఉంది. పదునైన చాకు నున్నటి ముఖాన్ని మిగులుస్తుంది, డ్రెస్సింగ్ దాని మీద నుంచి జారిపోతుంది. పగిలిన ముక్కకి గరుకు అంచులు, సందులు ఉంటాయి, సాస్ వాటిలో ఇరుక్కుంటుంది.

400 గ్రాముల చిన్న కీరాలు లేదా ఒక పొడవాటి ఇంగ్లిష్ కీరా తీసుకోండి. కొసలు కోసి, 8-10 సెం.మీ. ముక్కలు చేసి, బోర్డు మీద పెట్టి, వెడల్పాటి చాకు పలకని అడ్డంగా ఆనించి అరచేత్తో ఒక్క దెబ్బ వేయండి. చాకు పదును మీకు అవతలివైపు ఉండాలి. భయమైతే అప్పడాల కర్ర వాడండి, పని అలాగే అవుతుంది. నిలువునా మూడు నాలుగు చోట్ల చీలితే చాలు, ముద్ద కావద్దు. చీలాక చేత్తోనే 3 సెం.మీ. ముక్కలుగా విరవండి. ఊడివచ్చిన గింజల్ని వదిలేయండి.

ముప్పావు టీస్పూన్ ఉప్పు, అర టీస్పూన్ చక్కెర కలిపి చిల్లుల గిన్నెలో 15 నిమిషాలు. దీన్ని పిండకూడదు, కుదిపి నీరు దులిపితే చాలు. తర్వాత 1 టేబుల్ స్పూన్ వెనిగర్, 2 టీస్పూన్ల సోయా సాస్, అర టీస్పూన్ చక్కెర, తురిమిన 2 వెల్లుల్లి రెబ్బలు. చివర్లో 2 టీస్పూన్ల వేయించిన నువ్వుల నూనె, ఎండుమిర్చి తునకలు. కలిపి ఐదు నిమిషాల్లో తినండి.

తప్పు జరిగేదల్లా దెబ్బ దగ్గరే. నాలుగైదు చిన్న దెబ్బలు వేస్తే కణాలన్నీ నలిగి నీరు పోతుంది. ఒక్క దెబ్బ, తగినంత బలంతో.

కిరణ్_ఎన్
లీలావతి గారూ, పచ్చివెల్లుల్లి ఘాటు తిన్నాక గంటలకొద్దీ నోట్లో ఉండిపోతుంది. తగ్గించే దారి ఉందా? సోయా సాస్ బదులు ఏం వాడొచ్చు?

లీలావతి_ఎస్
వెల్లుల్లి నలిగినప్పుడు అందులోని ఎంజైమ్ పనిచేసి ఆ ఘాటు పుడుతుంది. పులుపు ఆ ఎంజైమ్‌ని అణచేస్తుంది. కాబట్టి బోర్డు మీద దంచి పక్కన పెట్టకండి, తురుముపీటని వెనిగర్ గిన్నె మీదే పట్టుకుని నేరుగా అందులోకి తురమండి. పుట్టబోయే ఘాటు చాలావరకు అక్కడే ఆగుతుంది. ఇంకా తక్కువ కావాలంటే రెబ్బని తురమకుండా పగలగొట్టి, వెనిగర్‌లో పది నిమిషాలు ఉంచి తీసేయండి.

సోయా సాస్ బదులు పావు టీస్పూన్ ఉప్పు, టీస్పూన్ నీళ్లు. రుచి అదే రాదు గానీ సలాడ్ బాగానే ఉంటుంది.

ఉప్పుకల్లు
డ్రెస్సింగ్ వేసే వరస గురించి ఒక మాట. ముందు పులుపు, ఒక నిమిషం ఆగి కలిపాక నూనె. నూనె ముందు వేస్తే ముక్కకి పూతలా పట్టేసి పులుపుని లోపలికి రానివ్వదు. ఆకుకూరల సలాడ్‌కి 1 వంతు పులుపుకి 3 వంతుల నూనె అంటారు, ఆ లెక్క కీరాకి పనికిరాదు. నీటికాయ కాబట్టి నూనె ఎక్కువైతే జిడ్డుగా, బరువుగా అనిపిస్తుంది. కీరాకి సమానంగానో, మహా అయితే 1కి ఒకటిన్నరో చాలు. 500 గ్రాములకు 1½ టేబుల్ స్పూన్ల నిమ్మరసం, 2 టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె, ముక్కలు నీరు తీసినవైతే.

దివ్య_సి
చేదు కీరా వచ్చినప్పుడు ఏం చేయాలి? కొస కోసి రుద్దితే నురగ వచ్చి చేదు పోతుందంటారు, నిజమా?

తోటమాలి_భాను
చేదుకి కారణం కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలు. ఇవి మొక్క ఆకుల్లో, కాండంలో ఎప్పుడూ ఉంటాయి. నీళ్లు సరిగ్గా అందకపోవడం, ఎండ తీవ్రత, లేదా విత్తనం లక్షణం వల్ల కాయలోకి కూడా చేరతాయి. తొడిమ వైపు, తొక్క కిందే ఎక్కువగా పోగవుతాయి. రుద్దితే వచ్చే నురగ కోసిన ముఖం మీది రసం మాత్రమే. లోపలి కండలోని చేదు అలా పైకి రాదు.

పనికొచ్చే పద్ధతి: పువ్వు వైపు నుంచి (తొడిమకు ఎదురుకొస) కోయడం మొదలుపెట్టి ఒక ముక్క కొరికి చూడండి. బాగుంటే తొడిమ వైపుకి వస్తూ మళ్లీ ఒక ముక్క. సన్నటి చేదైతే తొడిమ వైపు 3 సెం.మీ. తీసేసి, తొక్క మందంగా తీయండి. ఉప్పు కూడా నాలుకకి చేదు తెలియకుండా కొంత అణుస్తుంది.

కాయంతా గట్టిచేదుగా ఉంటే మాత్రం పారేయండి. సర్దుకుని తినే వస్తువు కాదు. ఆ పదార్థాలు ఎక్కువ మోతాదులో కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు తెస్తాయి, ఉడికించినా పోవు. ఒక్క చేదు ముక్క గిన్నె మొత్తాన్ని పాడు చేస్తుంది కాబట్టి ప్రతి కాయనీ విడిగా రుచి చూశాకే కలపండి.

దివ్య_సి
ప్రతి కాయనీ చూడాలన్నది ఎప్పుడూ తట్టలేదు. ధన్యవాదాలు భాను గారూ.

రాజేష్_వంటశాల
ఇక పెరుగు సలాడ్. నీరు కారే సమస్య అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది ఇందులోనే. ఇక్కడ నీరు రెండు వైపుల నుంచి వస్తుంది: కీరా నుంచి ఒకటి, పెరుగు విరిగి దిగే తేట ఒకటి. ఒక్కదాన్నే ఆపితే చాలదు.

400 గ్రాముల పెరుగుని పలుచని గుడ్డలో కట్టి, జల్లెడలో పెట్టి, ఫ్రిజ్‌లో 2-3 గంటలు ఉంచండి. సుమారు 250 గ్రాముల గట్టిపెరుగు మిగులుతుంది. బయట వేలాడదీస్తే పులుస్తుంది, ఫ్రిజ్‌లోనే పెట్టండి. 500 గ్రాముల కీరా తొక్క, గింజలు తీసి, పెద్ద రంధ్రాల వైపు తురిమి, ముప్పావు టీస్పూన్ ఉప్పు వేసి 15 నిమిషాలు. తురుముకి అరగంట అక్కర్లేదు, కణాలు ఎలాగూ తెగిపోయాయి. గుడ్డలో మూటకట్టి నీరు చుక్కలుగా కూడా రానంతవరకు మెలితిప్పి పిండండి. ఇక్కడ మెల్లగా పిండితే సరిపోదు.

అప్పుడు పెరుగులో కీరా, తురిమిన ఒక వెల్లుల్లి రెబ్బ, 1 టేబుల్ స్పూన్ ఆలివ్ నూనె, 1 టీస్పూన్ నిమ్మరసం, తరిగిన పుదీనా లేదా సోయకూర. గ్రీకుల జాట్‌జీకికి మూలం దాదాపు ఇదే. అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే వెల్లుల్లి అంతటా సర్దుకుంటుంది. పెరుగుని విస్కర్‌తో గిలక్కొట్టకండి, దాని కట్టు విడిపోయి తేట దిగుతుంది. చెంచాతో మడతలు పెడుతూ కలపండి.

మాధురి_పి
పిండిన ఉప్పునీరు పారేయక్కర్లేదు. ఉప్పు వేయాల్సిన సూప్‌లో, చారులో పోయొచ్చు, అక్కడ వేసే ఉప్పు ఆ మేరకు తగ్గించుకోవాలి. చేదుకాయ నీరైతే వద్దు.

సుధీర్_జి
టమాటా కలిపితే మళ్లీ నీళ్లే కదా? ఉల్లిపాయ కూడా వేస్తే గంటకి వాసన మారిపోతుంది.

పచ్చికూర
టమాటాని కీరాతో కలిపి ఉప్పు పట్టించకండి సుధీర్ గారూ, విడి గిన్నెలో పట్టించండి. కీరా నీరు చప్పన, తీసేసినా నష్టం లేదు. టమాటా రసం అలా కాదు, రుచంతా అందులోనే. పది నిమిషాల్లో దిగిన టమాటా రసాన్నే డ్రెస్సింగ్‌కి వాడి, నిమ్మరసం సగానికి తగ్గించండి. పెద్ద ముక్కలుగా కోసే గ్రీకు పల్లె సలాడ్‌లో అడుగున మిగిలిన రసాన్ని రొట్టెతో అద్దుకుని తింటారు. అక్కడ నీరు లోపం కాదు, సగం ఆకర్షణ అదే.

ఉల్లిపాయని పలుచగా నిలువుగా (వేరు నుంచి కొసకి) కోసి, చల్లటి నీళ్లలో 10 నిమిషాలు ఉంచి పిండేయండి. తెగిన కణాల మీద చేరిన ఘాటు నీటితో పోతుంది. మొద్దు చాకుతో కోస్తే ఎక్కువ కణాలు నలిగి ఘాటు పెరుగుతుంది. చాకు పదును చూసుకోండి.

పుదీనా, కొత్తిమీర కడిగాక పూర్తిగా ఆరాలి, చివర్లోనే పడాలి. పులుపులో అరగంట నానితే నల్లబడతాయి.

నీలిమ_టి
రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచుకునే రకం ఎవరైనా చెప్తారా? రోజూ చేసే తీరిక ఉండదు కొందరికి.

ఉప్పుకల్లు
వెనిగర్‌లో ఊరేది దానికి సరిపోతుంది. 500 గ్రాముల కీరా 2 మి.మీ. చక్రాలు, 1 టీస్పూన్ ఉప్పు, 20 నిమిషాల తర్వాత పిండడం వరకు మామూలే. 60 మి.లీ. వెనిగర్ (సీసా మీద 4-5 శాతం ఆమ్లం అని ఉండాలి), 60 మి.లీ. నీళ్లు, 1 టేబుల్ స్పూన్ చక్కెర. చక్కెర పూర్తిగా కరిగేదాకా కలిపి, ముక్కల మీద పోసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో. గంటకి తినొచ్చు, నాలుగు గంటలకి ఇంకా బాగుంటుంది, మూడో రోజు దాకా కరకర ఉంటుంది. జపాన్ వాళ్ల సునోమోనో కూడా ఈ కుటుంబంలోదే, బియ్యపు వెనిగర్‌తో చేస్తారు.

వెనిగర్ వేడి చేయాల్సిన పని లేదు. మరిగించి పోస్తే ముక్క మెత్తబడి, పచ్చికీరా వాసన పోతుంది. ఆ వాసన కాయలో ముందే ఉండదు, కోసినప్పుడు ఎంజైమ్‌ల వల్ల అప్పటికప్పుడు పుడుతుంది. వేడి ఆ ఎంజైమ్‌లని చంపేస్తుంది.

మర్నాటికి ఆకుపచ్చ రంగు కాస్త గోధుమ పచ్చగా మారుతుంది. ఆమ్లంలో పత్రహరితం మారే తీరు అది, పాడైనట్టు కాదు. పాడైందనడానికి గుర్తులు: ద్రవం జిగురుగా సాగడం, బుడగలు, పుల్లవాసనకి మించిన మరో వాసన. ఇది నిలవ పచ్చడి కాదని గుర్తుంచుకోండి, ఫ్రిజ్ బయట పెట్టకూడదు.

తోటమాలి_భాను
ఫ్రిజ్ మాట వచ్చింది కాబట్టి. కోయని కీరాకి ఫ్రిజ్ లోపలి చలి ఎక్కువే. దానికి 10 నుంచి 12 డిగ్రీలు అనుకూలం. 4 డిగ్రీల దగ్గర కొన్ని రోజులుంటే తొక్క మీద గుంటలు, నీటిమచ్చలు వచ్చి, బయటికి తీశాక జిగురుగా మారుతుంది. కాగితంలో చుట్టి, ఫ్రిజ్ తలుపు అరలో లేదా ముందువైపు పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. అరటి, ఆపిల్, పండిన టమాటా పక్కన వద్దు. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి కీరా త్వరగా పసుపు తిరుగుతుంది, మెత్తబడుతుంది.

మాధురి_పి
కడగడం గురించి కూడా ఇక్కడ ఉండాలి. తొక్క తీసేస్తాం కదా అని కడగకుండా పీలర్ పెట్టడం సరికాదు. తొక్క మీదున్నది పీలర్‌తో, చాకుతో లోపలి కండకి అంటుతుంది. ఇది ఉడికించే వంట కాదు, తర్వాత సరిదిద్దే అవకాశమే లేదు. 2015లో అమెరికాలో కీరాల ద్వారా సాల్మొనెల్లా అనే బాక్టీరియా వ్యాపించి 900 మందికి పైగా జబ్బుపడ్డారు.

పారే నీటి కింద, శుభ్రమైన కూరగాయల బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, అప్పుడు కొసలు కోయాలి. సబ్బు వద్దు. పచ్చిమాంసం కోసిన బోర్డు అసలే వద్దు. కోసిన కీరా, కలిపిన సలాడ్ బయట 2 గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండల్లో గంటే. ఉప్పు పట్టించే అరగంట కూడా ఈ లెక్కలోకే వస్తుంది. వేడిరోజుల్లో చిల్లుల గిన్నెని ఫ్రిజ్‌లోనే పెట్టండి, నీరు అక్కడా దిగుతుంది.

కిరణ్_ఎన్
2 మి.మీ. అంటే చాకుతో కష్టమే. మాండొలిన్ స్లైసర్ (బ్లేడు బిగించిన కోత పలక) కొనమంటారా?

లీలావతి_ఎస్
వారానికి రెండుసార్లు చేస్తే కొనండి, ముక్కలన్నీ ఒకే మందంలో వస్తే ఉప్పు ఒకేలా పడుతుంది. చేతికి అడ్డుపలక లేకుండా వాడొద్దు. చివరి 3 సెం.మీ. కాయని స్లైసర్ మీద వదిలేసి చాకుతో కోసుకోండి. వేళ్లు తెగేది ఆ చివరి ముక్క దగ్గరే. మామూలు పీలర్‌తో నిలువుగా గీసినా పలుచని రిబ్బన్లు వస్తాయి, గింజలు తగిలేదాకా గీసి కాయని తిప్పుకోండి.

నీలిమ_టి
డబ్బాలో పెట్టుకెళ్లాలంటే? ఉదయం ఎనిమిదికి కలిపితే ఒంటిగంటకి తింటారు.

రాజేష్_వంటశాల
అడుగున డ్రెస్సింగ్, దాని మీద ఉడికించిన శనగలు లేదా రాజ్మా (ఇవి పులుపులో నానితే ఇంకా బాగుంటాయి), ఆపైన ఉప్పు పట్టించి పిండిన కీరా, పైన ఆకులు. వేరుశనగలు, నువ్వులు వేరే పొట్లంలో. తినేముందు డబ్బా తలకిందులు చేసి కుదపాలి. అడుగున శనగలు మందంగా ఉంటేనే కీరా డ్రెస్సింగ్‌కి తగలకుండా ఉంటుంది, కనీసం మూడు వేళ్ల మందం. డబ్బాని ఐస్ ప్యాక్‌తో చల్లని సంచిలో పెట్టండి, మాధురి గారు చెప్పిన రెండు గంటల లెక్క దీనికీ వర్తిస్తుంది.

శ్రావ్య_కె
ఇన్ని వివరాలు ఒకేచోట దొరుకుతాయనుకోలేదు. ఇంకొక్కటి అడుగుతాను. ఇరవై మందికి చేయాలంటే అన్నీ ఐదు రెట్లు చేస్తే సరిపోతుందా?

ఉప్పుకల్లు
కీరా, ఉప్పు ఐదు రెట్లే: 2.5 కిలోలకి 30 గ్రాములు. కానీ అంతా ఒకే చిల్లుల గిన్నెలో పోయకండి. పై ముక్కల బరువుకి కిందివి నలుగుతాయి, మధ్యవాటి నీరు దిగే దారి ఉండదు. మూడు నాలుగు జల్లెడల్లో పలుచగా పరచండి, 15 నిమిషాలకోసారి పైకీ కిందికీ తిప్పండి, గంట సమయం పెట్టుకోండి.

పులుపు, నూనె మాత్రం మొదట నాలుగు రెట్లే కలపండి. పెద్ద గిన్నెలో గోడలకి అంటి వృథా అయ్యేది తక్కువ, ఐదు రెట్లు పోస్తే తేలిపోతుంది. రుచి చూసి మిగతాది పోయొచ్చు. పిండిన కీరాని ముందురోజు రాత్రే మూతడబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. ఉదయానికి అడుగున ఇంకాస్త నీరు ఉంటుంది, అది వంపేసి డ్రెస్సింగ్‌ని వడ్డించే పావుగంట ముందు కలపండి, ఆకులు, నువ్వులు అప్పుడే.